అమెరికా షట్‌డౌన్: ఒక లాయర్ అభిప్రాయంతో మొదలైన కథ

2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా, 43 రోజులు అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో చాలా భాగం మూతపడింది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు జీతం అందకుండానే డ్యూటీ చేశారు. చివర్లో పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలే తగ్గించాల్సి వచ్చింది. యుద్ధమేమీ లేదు, ఖజానా ఖాళీ కాలేదు. కాంగ్రెస్‌లో ఖర్చుల బిల్లు పాస్ కాలేదు, అంతే.

మనకిది వింతగానే ఉంటుంది. ఇండియాలో బడ్జెట్ ఆలస్యమైతే ఓట్ ఆన్ అకౌంట్‌తో నెట్టుకొస్తారు. లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే దిగిపోవాలి. అమెరికాలో ఆ దారి లేదు. బడ్జెట్‌ను ఓడించి ప్రెసిడెంట్‌ను దించడం కాంగ్రెస్ వల్ల కాదు, కాంగ్రెస్‌ను రద్దు చేసే అధికారం ప్రెసిడెంట్‌కూ లేదు. ఇద్దరి పదవీకాలమూ ముందే ఖాయం. ఇద్దరూ పంతానికి పోతే, తేల్చడానికి మధ్యలో ఎన్నికలు రావు.

అయినా షట్‌డౌన్ గురించి రాజ్యాంగంలో ఒక్క ముక్క లేదు. అందులో ఉన్నదల్లా, చట్టం చేసి కేటాయించనిదే ఖజానా నుంచి డబ్బు తీయకూడదన్న నియమం. 19వ శతాబ్దంలో కొన్ని శాఖలు ఏడాది డబ్బును ముందే ఖర్చుపెట్టేసి, అప్పులతో కాంగ్రెస్ ముందుకొచ్చేవి. మాటిచ్చేశాం, ఇక మీరే కట్టాలి అన్నట్టు ఉండేది వాళ్ల వరస. దీన్ని ఆపడానికి యాంటీడెఫిషియన్సీ చట్టం వచ్చింది. 1884లో దానికి ఇంకో నిబంధన చేరింది: అత్యవసరమైతే తప్ప ప్రభుత్వం ఎవరి చేతా ఉచితంగా పని చేయించుకోకూడదు.

ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఈ చట్టాన్ని చూపించి ఎవరూ ఆఫీసులకు తాళం వేయలేదు. 1977లో పేదల అబార్షన్లకు ప్రభుత్వ డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదానిపై కాంగ్రెస్‌లోని రెండు సభలు హౌస్‌కూ సెనేట్‌కూ పడక, ఆరోగ్య, కార్మిక శాఖల కేటాయింపులు పదేపదే ఆగాయి. ఆఫీసర్లు టూర్లు, కొత్త నియామకాలు వాయిదా వేసి పని కానిచ్చేశారు. ఎలాగూ కాంగ్రెస్ తర్వాత డబ్బు ఇస్తుందన్న ధీమా.

ఆ ధీమాను దెబ్బకొట్టింది ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ హయాంలో ప్రభుత్వానికి ముఖ్య న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెటి. కేటాయింపు లేకపోతే పని చేయించడమే చట్టవిరుద్ధమని 1980 ఏప్రిల్‌లో ఆయన రాతపూర్వకంగా తేల్చారు. వారం తిరగకుండానే, మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్కరోజు మూతపడింది. సుమారు 1,600 మంది ఇంటికెళ్లారు. 1981 జనవరిలో ఆయనే ఇంకో అభిప్రాయం ఇచ్చి, ప్రాణాలకూ ఆస్తులకూ రక్షణగా ఉండే పనులు సాగవచ్చన్నారు. సైనికులు, కంట్రోలర్లు జీతం రాకున్నా డ్యూటీకి రావాలన్న రూలు పుట్టింది ఇక్కడే. ఓటు వేసి తెచ్చిన పద్ధతి కాదిది. పాత చట్టాన్ని ఒక లాయర్ చదివిన తీరు.

సివిలెటి ఉద్దేశం చట్టం అమలు కావాలన్నదే. పార్టీలకు మాత్రం అందులో ఆయుధం కనిపించింది. ప్రెసిడెంట్ రీగన్ కాలంలో షట్‌డౌన్లు ఒకటి నుంచి మూడు రోజుల్లో ముగిసేవి. 1995లో రిపబ్లికన్ అయిన హౌస్ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ ఖర్చుల కోతల కోసం డెమొక్రాట్ ప్రెసిడెంట్ క్లింటన్‌తో తలపడ్డాక లెక్క మారింది. మొదట 5 రోజులు, క్రిస్మస్ మీదుగా మళ్లీ 21 రోజులు. జనం ఎక్కువగా తప్పుపట్టింది రిపబ్లికన్లనే. 1996లో క్లింటన్ మళ్లీ గెలిచారు కూడా. ఆ పాఠం ఎంతోకాలం నిలవలేదు. 2013లో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్ మీద 16 రోజులు, 2018-19లో ట్రంప్ సరిహద్దు గోడ మీద 35 రోజులు. ఇంతింత కాలం సాగుతాయనీ, రాజకీయ ఎత్తుగడగా వాడుకుంటారనీ ఊహించలేదని సివిలెటి 2019లో చెప్పారు.

సెనేట్ లెక్క దీన్ని ఇంకా ముదిరేలా చేస్తోంది. మామూలు బిల్లు మీద చర్చ ముగించాలంటే 100లో 60 ఓట్లు కావాలి. 2025లో రిపబ్లికన్లకు ఉన్నది 53. ఒబామాకేర్ సబ్సిడీలు పొడిగిస్తేనే ఓటేస్తామని డెమొక్రాట్లు పట్టుబట్టారు. చివరికి రిపబ్లికన్లలో ఒకరు వ్యతిరేకించినా, ఆ పక్షం నుంచి ఎనిమిది మంది ఇటు రావడంతో 60 పూర్తయ్యాయి, సబ్సిడీల హామీ లేకుండానే. దానికితోడు ఏటా అక్టోబర్ 1లోగా 12 కేటాయింపు బిల్లులు పాస్ కావాలి. ఇప్పుడున్న పద్ధతి 1970ల్లో మొదలైనప్పటి నుంచి అన్నీ టైముకి పూర్తయింది నాలుగేసార్లు.

షట్‌డౌన్ వచ్చినా సోషల్ సెక్యూరిటీ పెన్షన్లు ఏటా కొత్త కేటాయింపు మీద ఆధారపడవు కాబట్టి ఆగవు. పోస్టల్ సర్వీసు సొంత రాబడితో నడుస్తుంది. ఫీజులతో నడిచే ఇమిగ్రేషన్ విభాగం యూఎస్‌సీఐఎస్ కూడా చాలావరకు పని చేస్తుంది. కానీ హెచ్-1బీ వీసాకు ముందు కంపెనీ తెచ్చుకోవాల్సిన ఆమోదం, ఎల్‌సీఏ, ఇచ్చేది కార్మిక శాఖ. 2013లో, మళ్లీ 2025లో ఆ పని ఆగింది. ఉద్యోగం మారబోతున్న మనవాళ్లకు టెన్షన్ మొదలైంది అక్కడే.

గడువు దాటితే పాత కేటాయింపులే వాటంతటవే కొనసాగాలన్న ప్రతిపాదన కొత్తదేమీ కాదు. 1997లో రిపబ్లికన్లు దాన్ని వరద సాయం బిల్లులో కలిపి పంపితే, క్లింటన్ వీటో చేశారు. అప్పటి నుంచి రెండు పార్టీలవాళ్లూ అలాంటి బిల్లులు పెడుతూనే ఉన్నారు. కాంగ్రెస్‌లోని కేటాయింపుల కమిటీలకు అవి నచ్చవు. గడువు భయం పోతే తమ మాట ఎవరు వింటారన్నది వాళ్ల బెంగ.