వెనక వైపరు ఆగితే మోటారే పోయిందనుకోకండి: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే రాయగడ, జయపురం, పర్లాకిమిడి వైపు కారు ఎలక్ట్రీషియన్ల దగ్గర తరచూ వినపడే మాట: "వెనక వైపరు తిరగట్లేదండీ, మోటారు పోయినట్టుంది, కొత్తది వేసెయ్యండి." కొత్తది వేస్తారు, అదీ తిరగదు. అప్పుడు గానీ వైర్ల వైపు చూడరు.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే బండికి వెనక వైపరు అలంకారం కాదు. హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల వెనక భాగం నిటారుగా తెగినట్టు ఉంటుంది. బండి పోతుంటే అక్కడ గాలి సుడి తిరిగి, టైర్లు లేపిన ఎర్రమట్టిని తెచ్చి అద్దానికే కొడుతుంది. వాన పడితే అదే బురద పూత. వెనక ఏ లారీ వస్తోందో కనపడదు.

అపోహ: స్విచ్ వేస్తే చప్పుడు లేదు, అంటే మోటారు కాలిపోయింది.

చప్పుడు లేకపోతే మోటారుకు కరెంటు అందట్లేదేమో అని ముందు అనుమానించాలి. డిక్కీ తలుపుకి, బాడీకి మధ్య పైన కీలు పక్కన ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. వైపరు, నంబరు ప్లేటు లైటు, డీఫాగర్ (అద్దం మీద మంచు, ఆవిరి పోగొట్టే తీగలు), డిక్కీ లాక్, అన్నిటి వైర్లూ అందులోంచే వెళ్తాయి. తలుపు ఎత్తిన ప్రతిసారీ, దించిన ప్రతిసారీ అవి ఒకే చోట మడత పడతాయి. ఏళ్ల తరబడి అలా వంగి వంగి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరదు. కంటితో చూసి "వైర్లు బాగానే ఉన్నాయి" అనేది ఇందుకే నమ్మకూడదు. గొట్టం రెండు చివర్లూ ఊడదీసి ఒక్కో వైరునీ రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. తెగిన వైరు ఆ చోట రబ్బరులా సాగుతుంది, మెత్తగా తగులుతుంది. నంబరు ప్లేటు లైటో సెంట్రల్ లాకో కూడా అప్పుడప్పుడూ మొరాయిస్తోందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు, నేరుగా ఇక్కడికే రండి.

ఇంకో పరీక్ష: వైపరు ఆన్ చేసి ఆ గొట్టాన్ని అటూ ఇటూ కదపాలి. ఒక్క క్షణం తిరిగి ఆగితే తెగుడు దొరికినట్టే. చిక్కేమిటంటే, కొన్ని బండ్లలో డిక్కీ తెరిచి ఉంటే వైపరు తిరగదు, కంపెనీ అలాగే పెడుతుంది. అప్పుడు డిక్కీ లాచ్‌ని (తలుపు మూసినప్పుడు పట్టుకునే కొక్కెం) స్క్రూడ్రైవరుతో నొక్కి మూసిన స్థితికి తెచ్చి పరీక్షించాలి. పని అయ్యాక దాన్ని మళ్లీ విడిపించకుండా తలుపు దించితే లాచ్ విరుగుతుంది, కొత్త ఖర్చు.

తెగిన వైరుని అక్కడికక్కడే మెలితిప్పి టేపు చుడితే ఒక వానాకాలం కూడా నిలవదు. అతుకు మడత పడే చోట ఉండనే కూడదు. తెగిన భాగాన్ని రెండు వైపులా గొట్టం బయటిదాకా కోసి తీసేయండి. మధ్యలో 0.75 నుంచి 1 చదరపు మిల్లీమీటరు సైజున్న, సన్న పోగుల ఆటో వైరు ముక్క కలపండి. ఇంటి వైరింగుకి వాడే ఒంటి తీగ వద్దు, అది ఇంకా త్వరగా విరుగుతుంది. అతుకులు సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే తొడుగు) వెయ్యాలి. రెండు మూడు వైర్లు మారుస్తుంటే అతుకులన్నీ ఒకే వరసలో రాకుండా ముందూ వెనకా పెట్టండి, లేకపోతే గొట్టం మళ్లీ లోపలికి దూరదు.

అపోహ: మీటరులో 12 వోల్టులు చూపించింది, కాబట్టి వైరు మంచిదే.

ఇది అనుభవం ఉన్నవాళ్లని కూడా పక్కదారి పట్టిస్తుంది. మల్టీమీటరు దాదాపు కరెంటే తీసుకోదు. వైరులో ఒక్క పోగు మిగిలినా నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. మోటారుకి ఆంపియర్లు కావాలి, ఆ ఒక్క పోగు మొయ్యలేదు. అందుకే భారం పెట్టి చూడాలి. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు సోల్డర్ చేసి టెస్ట్ ల్యాంపు చేసుకోండి. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. మోటారు కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ జోడు) విప్పి, స్విచ్ ఆన్ చేసి, ఫీడు వైరుకీ (కరెంటు తెచ్చేది) ఎర్త్ వైరుకీ (కరెంటుని బాడీకి తిరిగి పంపేది) మధ్య పెట్టండి. తెల్లగా వెలిగితే దారి బాగుంది, ఇక మోటారుని అనుమానించవచ్చు. ఎర్రగా మినుకుమంటే దారిలోనే లోపం. అప్పుడు బల్బు ఎర్త్ కొసని కప్లర్ నుంచి తీసి, బాడీ మీద రంగు గీకిన చోట ఆనించండి. అప్పుడు బాగా వెలిగితే పోయింది ఎర్త్ వైరు. ఈ ఎర్త్ సంగతి చాలామందికి తట్టదు.

ఎర్త్ వైరు చాలా జపాన్, కొరియా కంపెనీల బండ్లలో నలుపు, జర్మన్ బండ్లలో గోధుమ రంగు. అయినా రంగుని నమ్మకండి, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రం చూడండి. గోపాలపూర్, సోనాపూర్ వైపు సముద్రపు గాలి తగిలే బండ్లకి డిక్కీ లోపల ఎర్త్ బోల్టు కింద తుప్పు పడుతుంది. బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన కాస్త గ్రీజు పూస్తే చాలు.

మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి చూసేవాళ్లు మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకోండి. కొత్త మోడళ్లలో కొన్నిటికి మోటారు లోపలే ఎలక్ట్రానిక్ కార్డు ఉంటుంది. ఏ పిన్ను ఏమిటో తెలియకుండా వాటికి 12 వోల్టులు ఇస్తే, బాగున్న మోటారు కూడా పోతుంది.

అపోహ: ముందు వైపరు తిరుగుతోంది, అంటే ఫ్యూజు బాగానే ఉంది.

చాలా బండ్లలో రెండిటికీ వేర్వేరు ఫ్యూజులు. బాక్సు మూత మీద బొమ్మ చూసుకోండి.

అపోహ: ఫ్యూజు ఊరికే కొట్టేస్తోంది, ఒక సైజు పెద్దది వేస్తే సరి.

ఎర్రది 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. ఎర్రది ఉన్న చోట పసుపుది పెడితే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. ఆ వైరు వెళ్లేది మీ నెత్తి మీద సీలింగు గుడ్డ వెనకనుంచి! ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోందంటే ఎక్కువగా రెండిట్లో ఒకటి: రబ్బరు గొట్టంలో వైరు తొడుగు చిరిగి బాడీకి తగలడం, లేదా మోటారు ఇరుసు బిగుసుకోవడం. కప్లర్ విప్పేసి కొత్త ఫ్యూజు పెట్టి చూడండి. అప్పుడూ పోతే వైరు. నిలిస్తే మోటారు వైపు.

అపోహ: ఇరుసు బిగుసుకుంటే పైనుంచి డబ్ల్యూడీ-40 కొడితే చాలు.

కొడితే ఆ రోజుకి కదులుతుంది. అది తుప్పు వదిలించే ద్రవం, ఇరుసుకి కావాల్సిన గ్రీజు కాదు. పైగా మిగిలిన పాత గ్రీజునీ కడిగేస్తుంది. అసలు జరిగేది ఇది: ఇరుసు చుట్టూ ఉన్న రబ్బరు ఓ-రింగు ఎండి పగిలిపోతుంది, నీళ్లు దిగుతాయి, అల్యూమినియం గొట్టంలో ఉక్కు ఇరుసు తుప్పుతో పట్టేస్తుంది. మోటారు మూలుగుతుంది కానీ వైపరు చెయ్యి (రబ్బరుని పట్టుకునే కడ్డీ) కదలదు. అలాగే వదిలేస్తే ఈసారి నిజంగానే కాలిపోతుంది.

సరైన వైద్యానికి మోటారు దించాలి, సాధారణంగా మూడు బోల్టులు. ఇరుసు సర్‌క్లిప్ (ఇరుసు జారకుండా పట్టే ఉక్కు రింగు), వాషర్లు విప్పిన వరసలోనే కాయితం మీద పేర్చుకోండి. ఇరుసు బయటికి తీసి 400 నంబరు నీటి ఎమరీతో, తర్వాత 600తో నున్నగా రుద్దండి. గొట్టం లోపల గుడ్డతో తుడిచి, లిథియం గ్రీజు పట్టించి, కొత్త ఓ-రింగు వెయ్యండి. వేళ్లతో తిప్పితే ఇరుసు పట్టు లేకుండా తిరగాలి.

అపోహ: వైపరు చెయ్యి రాకపోతే వెనకనుంచి సుత్తితో తట్టాలి.

వెనక అద్దం టెంపర్డ్. ఒక్క దెబ్బ పక్కకి పోయిందంటే మొత్తం పలుకులై రాలుతుంది. మొదట వెనక అద్దం మీద చెయ్యి ఆగే చోట మాస్కింగ్ టేపు గుర్తు పెట్టుకోండి. నట్టు వదులు చేసి, పూర్తిగా తియ్యకుండా రెండు మరలు మిగలనిచ్చి, బ్యాటరీ టెర్మినల్ లాగే చిన్న పుల్లర్ తగిలించి తిప్పండి. చెయ్యి ఒక్కసారిగా విడినప్పుడు ఎగిరిపోకుండా ఆ నట్టు పట్టుకుంటుంది.

తిరిగి బిగించేటప్పుడు చెయ్యి లేకుండా మోటారుని ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చెయ్యండి. ఇరుసు తన విశ్రాంతి స్థానంలో ఆగాక గుర్తు మీద చెయ్యి పెట్టండి. ఇలా పెట్టాక కూడా అద్దం మధ్యలో ఆగిపోతుంటే రెండు కారణాలు: మోటారు లోపలి పార్క్ పలక (చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పేది) అరిగింది, లేదా స్విచ్ ఆపాక కూడా మోటారుని విశ్రాంతి స్థానానికి చేర్చడానికి ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన రెండో వైరు తెగింది. ముందు వైరు చూడండి, అది చవక.

అపోహ: రివర్స్ వేస్తే వెనక వైపరు దానంతటదే తిరుగుతోంది, ఎక్కడో షార్ట్ అయింది.

ముందు వైపర్లు ఆన్‌లో ఉండగా రివర్స్ వేస్తే వెనకది కూడా తిరిగేలా కొన్ని కంపెనీలే పెడతాయి. షార్ట్ కాదు, సౌకర్యం.

అపోహ: వెనక నీళ్లు రావట్లేదు, పంపు పోయింది.

చాలా బండ్లలో ఒకే పంపు. ఒకవైపు తిరిగితే ముందుకి, రెండోవైపు తిరిగితే వెనక్కి నీళ్లు తోస్తుంది. ముందు నీళ్లు వస్తూ, వెనక స్విచ్ నొక్కినా పంపు చప్పుడు వినపడుతుంటే పైపు ఎక్కడో ఊడింది, లేదా నాజిల్ మూసుకుంది. వెనక సీలింగు గుడ్డ తడిగా ఉంటే ఊడింది ఆ రబ్బరు గొట్టం దగ్గరే. దీన్ని మాత్రం వాయిదా వెయ్యకండి. కొన్ని మోడళ్లలో నీటి పైపు వైపరు ఇరుసు మధ్యలోంచే వెళ్తుంది, అక్కడ కారితే నీళ్లు నేరుగా మోటారులోకే. ట్యాంకులో బోరు నీళ్లు, బట్టల సోపు పొడి పోస్తే సున్నం కట్టి నాజిల్ మూసుకుపోతుంది. సన్న సూదితో పొడవండి, తర్వాతనుంచి వాషర్ ద్రవమో, సున్నం తక్కువున్న నీళ్లో పొయ్యండి. పొడి ఎర్రమట్టి మీద నీళ్లు లేకుండా వైపరు తిప్పితే రబ్బరు ఎంత కొత్తదైనా అద్దం మీద గీతలు పడతాయి.