చిన్న అక్షరాల్లో వేసినవి ముందు చూడండి

చిరంజీవులు పిల్లలందరికీ,

ఆశీస్సులు. మీరు పంపిన జాబితా అందింది. ఈ సెమిస్టరులో మీ విశ్వవిద్యాలయంలో జరగబోయే కార్యక్రమాలన్నీ అందులో ఉన్నాయి. వేటికి వెళ్ళాలో, వేటిని వదిలేయాలో చెప్పమన్నారు. విశ్వవిద్యాలయం ఆడిటోరియం ఆఫీసులో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి ఈ విషయంలో నాకు కొన్ని అభిప్రాయాలున్నాయని మీకు తెలుసు. కొన్ని కాదు, చాలానే ఉన్నాయి. ఓపికగా చదవండి.

జాబితాలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేసింది పేరున్న గాయకుడి సంగీత కార్యక్రమం. సరదాగా ఉంటుంది, వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. కానీ ఆయన అవే పాటలు మరో వారం మరో ఊళ్లో పాడతాడు. ఇంకో ఏడాదికీ పాడతాడు. దాని కింద ఎవరి కంటా పడకుండా ఒక్క వరుసలో వేసింది చూడండి: భౌతికశాస్త్ర విభాగం, సాయంత్రం ఉపన్యాసం, అందరికీ ప్రవేశం. నేనైతే ముందు దాని పక్కన టిక్కు పెడతాను.

ఎందుకంటారా? విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టింది మొదలు మీ అర్హతను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ప్రవేశ పరీక్షలో ర్యాంకు ఎంత, హాజరు ఎంత శాతం, ఫలానా పేపరు పాసయ్యారా అని. ఈ సాయంత్రం ఉపన్యాసం తలుపు దగ్గర మాత్రం ఆ ప్రశ్నలేవీ ఉండవు. కామర్సు చదివే పిల్ల నక్షత్రాల గురించి వినవచ్చు, ఇంజనీరింగు కుర్రవాడు శాసనాల లిపి గురించి వినవచ్చు. సగం అర్థం కాకపోతే పరీక్ష ఏమీ లేదు కదా! చదువులో ఇంత స్వేచ్ఛ మీకు మళ్ళీ ఎక్కడా దొరకదు.

పైగా అలాంటి చోట ఏం జరుగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. 1820లో కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఓర్‌స్టెడ్ ఒక సాయంత్రం విద్యుత్తు మీద ఉపన్యాసం ఇస్తున్నాడు. తీగలో విద్యుత్తును పంపినప్పుడు దగ్గర్లో ఉన్న దిక్సూచి ముల్లు కొంచెం కదిలింది. విద్యుత్తుకూ అయస్కాంతత్వానికీ సంబంధం ఉందనడానికి అదే ఆధారమైంది. ఈనాటి మోటార్లు, జనరేటర్లు అన్నీ ఆ సంబంధం మీదే నడుస్తున్నాయి. ఇంతకీ నాకు నచ్చే సంగతి వేరే ఉంది. ఆ కదలిక చాలా స్వల్పంగా ఉండడంతో వింటున్నవాళ్లకు అది పెద్ద విశేషంగా అనిపించలేదట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ‘ఈరోజు ఉపన్యాసం ఫరవాలేదు’ అనుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు.

వెళ్ళినప్పుడు ముందు వరుసల్లో కూర్చోండి. వెనక కూర్చుంటే మధ్యలో లేచి పోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. చివర ప్రశ్నలకు సమయం ఇస్తారు, ఒక్కటైనా అడగండి. తెలిసినది చూపించుకోవడానికి అడిగే ప్రశ్నలు ఎప్పుడూ పొడుగ్గా ఉంటాయి. నిజంగా తెలియక అడిగేది ఒక్క వాక్యంలో అయిపోతుంది. మాట్లాడిన మనిషికి ఆ రెండోరకమే ఇష్టం. సభ అయ్యాక వేదిక పక్కన గుమిగూడే నలుగురైదుగురిలో మీరూ ఉండండి. అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది.

ఇక మొదటి వారంలో జరిగే సంఘాల పరిచయ మేళా. నాటక బృందం, చర్చావేదిక, ఫొటో క్లబ్బు, పర్వతారోహణ, భాషా సంఘాలు అన్నీ బల్లలు వేసుకుని కూర్చుంటాయి. ఉత్సాహంలో అన్నిటికీ పేర్లు ఇచ్చేస్తారు, నెల తిరక్కుండానే ఒక్కదానికీ వెళ్ళరు. ఇది ఏటా జరిగేదే. రెండింటిని ఎంచుకోండి: మీకు ఇప్పటికే వచ్చినది ఒకటి, బొత్తిగా రానిది ఒకటి.

విద్యార్థి సంఘం అంటే కాలక్షేపమేనని కొందరు పెద్దలు చప్పరిస్తారు. వాళ్లకు ఎస్టోనియా సంగతి చెప్పండి. ఆ చిన్న దేశంలో తార్తు విశ్వవిద్యాలయం ఉంది. ఎస్టోనియా అప్పుడు రష్యా సామ్రాజ్యంలో భాగం. ఆ విశ్వవిద్యాలయంలో చదువు జర్మన్ భాషలో సాగేది. అక్కడి కొందరు విద్యార్థులు 1870లో తమ సొంత భాషలో చదువుకోవడానికి, చర్చించుకోవడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘానికి నీలం, నలుపు, తెలుపు చారలతో జెండా కుట్టించి 1884లో ఆవిష్కరించుకున్నారు. 1918లో దేశం స్వతంత్రం ప్రకటించుకున్నాక ఆ రంగులే జాతీయ జెండా అయ్యాయి. ఈరోజు ఆ దేశపు ప్రభుత్వ భవనాల మీద ఎగిరేది ఒకప్పటి విద్యార్థి సంఘం జెండాయే. మీ జాబితాలో భాషా సంస్కృతుల దినోత్సవం ఉంది కదా, ఆ రోజు మీ భాషవాళ్ల బల్ల దగ్గరే సాయంత్రమంతా గడిపేయకండి. పేరు పలకడం కూడా రాని దేశం బల్ల దగ్గరికి వెళ్ళి, ‘మీ దగ్గర ఎలా చేస్తారు?’ అని అడగండి. అడిగితే చాలు, వాళ్లు మిమ్మల్ని అంత త్వరగా వదలరు.

రక్తదాన శిబిరం గురించి మీలో ఇద్దరు అడిగారు, భయంగా ఉందని కూడా రాశారు. భయపడడంలో తప్పులేదు, కానీ లెక్క తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. సాధారణంగా 18 ఏళ్ళు నిండి, ఆరోగ్యంగా ఉండి, కనీసం 50 కిలోల బరువు ఉంటే ఇవ్వవచ్చు. కొన్ని దేశాల్లో 45 కిలోలు చాలు. ముందుగా రక్తపోటు, హిమోగ్లోబిన్ చూస్తారు. సరిపోకపోతే వాళ్లే వెనక్కి పంపేస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు. తీసుకునేది ఎక్కువలో ఎక్కువ అర లీటరు. అందులోని ద్రవభాగాన్ని శరీరం ఒకటి రెండు రోజుల్లోనే భర్తీ చేసుకుంటుంది. ఎర్రకణాలు తిరిగి పూర్తిగా తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మళ్ళీ ఇవ్వడానికి నెలల వ్యవధి పెడతారు.

ఒకే ఏడాదిలో ఇన్ని శిబిరాలు ఎందుకని కూడా అడిగారు. రక్తం దాచిపెడితే నిలవ ఉండే సరుకు కాదు. ఎర్రకణాలు శీతలీకరణలో దాదాపు 42 రోజులు, ప్లేట్‌లెట్లు అయిదు రోజుల పాటు మాత్రమే పనికివస్తాయి. ఒక్కరోజు వెయ్యిమంది వచ్చి ఆ తరువాత ఆరునెలలు ఎవరూ రాకపోతే ఆస్పత్రికి ఉపయోగం తక్కువ. సెలవుల్లో విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళిపోగానే దాతలు తగ్గిపోతారు. కాబట్టి రద్దీగా ఉండే మొదటి శిబిరానికే వెళ్ళాలని లేదు. సెలవుల ముందు పెట్టినదానికి వెళ్తే మీ రక్తం ఇంకా బాగా అక్కరకొస్తుంది. ఆ రోజు ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకండి.

సేవా కార్యక్రమాల్లో ఫొటోల కోసం పెట్టేవీ ఉంటాయి. గుర్తుపట్టడం తేలిక. మొక్క నాటిన తరువాత ఎవరు నీళ్లు పోస్తారని అడిగి చూడండి. జవాబు చెప్పడానికి తడుముకుంటే ఆ పూట గ్రంథాలయంలో కూర్చోండి. నిజమైనవాటికి ఒక ఏడాదికీ మరో ఏడాదికీ కొనసాగింపు ఉంటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు 1973 నుంచి ఏటా ఒక నృత్య కార్యక్రమం పెడుతున్నారు. క్యాన్సర్ వచ్చిన పిల్లల కుటుంబాల కోసం విరాళాలు సేకరిస్తారు. నృత్యంలో పాల్గొనేవాళ్లు 46 గంటల పాటు కూర్చోరు, నిద్రపోరు. ఈ వయసులో నేను 46 నిమిషాలు నిలబడితే గొప్ప. అయితే నాకు ఆ గంటల కంటే, మధ్య నెలల్లో వాళ్లు చేసే పనే ముఖ్యం. ఏడాది పొడుగునా చందాలు పోగుచేసి, ఆ కుటుంబాలతో రాకపోకలు సాగించాకే ఆ నృత్యం వస్తుంది.

వేళకాని వేళ జరిగేవాటిని కూడా కొట్టిపారేయకండి. 1960 అక్టోబరు 14న అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కెన్నెడీ అక్కడి మిచిగన్ విశ్వవిద్యాలయానికి రాత్రి రెండు గంటల వేళ చేరాడు. దాదాపు పదివేలమంది విద్యార్థులు అప్పటిదాకా కాచుకుని ఉన్నారు. మెట్ల మీద నిలబడి కొద్ది నిమిషాలు మాట్లాడాడు, మీలో ఎంతమంది ఇతర దేశాలకు వెళ్ళి పనిచేయడానికి సిద్ధమని అడిగాడు. ఆయన ప్రశ్న వేసి వెళ్ళిపోయాడు, విద్యార్థులు వదల్లేదు. సంతకాలు సేకరించి తాము సిద్ధమని తెలియజేశారు. 1961 మార్చి 1న పీస్ కోర్ ఏర్పడింది, ఇతర దేశాలకు స్వచ్ఛంద సేవకులను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ అది. అదే విశ్వవిద్యాలయంలో 1965 మార్చి 24 రాత్రి వియత్నాం యుద్ధం మీద ఆచార్యులు తెల్లవార్లూ పాఠాలు చెప్పారు, దాదాపు మూడువేలమంది విన్నారు. అప్పట్లో హాస్టలు అమ్మాయిలు రాత్రి ఫలానా గంటకల్లా లోపలికి వచ్చేయాలి. ఆ ఒక్క రాత్రికి ఆ నియమం సడలించారట. పాఠం వినడానికి అనుమతి పత్రం కావాల్సిన కాలం కూడా ఒకటి ఉండేది, అమ్మాయిలూ!

స్నాతకోత్సవం ఎలా ఉంటుందని అడిగారు. పొడుగ్గా ఉంటుంది. గౌన్లు ఉక్కపోస్తాయి, పేర్లు వరుసగా చదువుతారు, ఉపన్యాసం చాలాసార్లు ఎవరికీ గుర్తుండదు. 1947 జూన్ 5న హార్వర్డ్‌లో అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ క్లుప్తంగా ఒక ఉపన్యాసం చదివి, యుద్ధంలో చితికిపోయిన యూరప్‌ను నిలబెట్టే ఆర్థిక సహాయ ప్రణాళికను ప్రతిపాదించాడు. అలాంటిది ఎప్పుడో ఒకసారి. మీ సీనియర్ల కోసం వెళ్ళి చప్పట్లు కొట్టి రండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తున్నాను. ఏదో ఒక కార్యక్రమంలో తెర వెనక పనిచేయండి. కుర్చీలు వేయడం, మైకులు సరిచూడడం, అతిథిని గేటు దగ్గర కలవడం, దీపాల దగ్గర కూర్చోవడం, ఏదైనా సరే. హాలు బుక్ చేయడం, అనుమతి పత్రం, ఖర్చుల లెక్క, అగ్నిమాపక నిబంధనలు, ఆలస్యమైన అతిథి, తప్పు పేరుతో అచ్చయిన బ్యానరు, ఇవన్నీ ఒక్క వారంలో నేర్పే తరగతి విశ్వవిద్యాలయంలో ఇంకొకటి లేదు. పోస్టరు రాసే పని మీకు ఇస్తే ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు రావచ్చు అన్న నాలుగూ దూరం నుంచి కనిపించేలా రాయండి. అలంకారాలు తరువాత. కుర్చీలు అనుకున్న జనం కంటే కాస్త తక్కువే వేయండి. కొరత పడితే తెచ్చి వేయవచ్చు, ఖాళీ కుర్చీల ముందు మాట్లాడేవాళ్ల గొంతు నీరసపడిపోతుంది.

హాలు గురించి ఇంకో ముచ్చట. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట ఒక్కటీ సరిగా వినపడేది కాదు. పలికిన మాట అయిదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. ఈలోగా మాట్లాడే మనిషి ఇంకో వాక్యం మొదలుపెట్టేవాడు, రెండూ కలిసిపోయేవి. దీన్ని సరిచేయమని భౌతికశాస్త్రం చెప్పే సబీన్ అనే యువకుణ్ణి అడిగారు. ఆయన దగ్గర్లోని రంగశాలలో సీట్ల మీద ఉండే మెత్తలు మోయించుకొచ్చి, నిశ్శబ్దంగా ఉండే రాత్రివేళల్లో కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, ధ్వని ఎంతసేపటికి ఆగిపోతుందో కొలిచాడు. తెల్లవారేలోగా మెత్తల్ని తిరిగి చేర్చాలి, పొద్దున అక్కడ జనం కూర్చోవాలి కదా. ఆ కొలతల నుంచే మందిరాల ధ్వనిశాస్త్రం పుట్టింది. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలును ఆయన లెక్కల ప్రకారమే కట్టారు.

నాటకం రిహార్సలులో ఖాళీ హాలు ప్రతిధ్వనించి మీరు కంగారుపడతారని ఇదంతా రాశాను. మనుషులు కూడా ఆ మెత్తల్లాగే ధ్వనిని పీల్చుకుంటారు. జనం నిండాక అదే హాలు వేరేగా వినిపిస్తుంది. కాబట్టి ఖాళీ హాల్లో మైకు సరిపోయిందనుకుని వదిలేయకండి, ప్రదర్శన రోజున చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి, వినిపిస్తోందో లేదో చేత్తో సైగ చేయమనండి.

చివరిగా ఒక చిక్కు. మీ జాబితాలో భౌతికశాస్త్ర ఉపన్యాసమూ నాటకం మొదటి ప్రదర్శనా ఒకే సాయంత్రం పడ్డాయి. ఉపన్యాసం మళ్ళీ ఉండదు, నాటకం మూడు రాత్రులు ఉంది. ఆ రోజు ఉపన్యాసానికి వెళ్ళి, నాటకానికి మూడో రాత్రికి వెళ్ళండి. అప్పటికి నటుల బెరుకు పోతుంది, దీపాలవాళ్ల చేతులు కుదురుకుంటాయి. టిక్కెట్లు మొదటి రోజే తీసుకోండి, ఆఖరి ప్రదర్శనకు ఎప్పుడూ జనం ఎక్కువ.

మీ పెద్దమ్మ