నల్లగుడ్డు అంచున మూలకణాలు

నల్లగుడ్డు మీద అద్దంలా పరచుకున్న కార్నియా పైపొరలో ఐదారు వరుసల కణాలుంటాయి. అన్నీ కలిసినా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందమే. పైకణాలు నిత్యం రాలిపోతున్నా ఆ పొర పలచబడదు, ఎందుకంటే కార్నియా తెల్లగుడ్డుతో కలిసే సన్నని అంచులో, అంటే లింబస్‌లో, కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఉన్నాయి.

ఇవి అరుదుగా విభజన చెందుతాయి. పుట్టిన రెండు కణాల్లో ఒకటి అక్కడే మూలకణంగా మిగిలి, రెండోది కార్నియా వైపు సాగితే, అసలు తరగకుండా వడ్డీ చేతికందినట్టే. ప్రతి విభజనా ఇలాగే జరగాలని లేదు. ఒక్కోసారి రెండూ ఉండిపోతాయి, ఒక్కోసారి రెండూ కదిలిపోతాయి, మొత్తం సంఖ్య మాత్రం నిలకడగా ఉంటుంది. కదిలిన కణం కొంతకాలం వేగంగా విభజన చెంది, క్రమంగా పైవరుసలకు చేరి, కార్నియాకే ప్రత్యేకమైన కె3 కెరటిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తూ, చివరికి విభజన శక్తిని కోల్పోతుంది. లింబస్ అడుగు వరుసలో ఈ కెరటిన్ లేదని 1986లో తేలడం మూలకణాల చిరునామా పట్టుకోవడానికి గట్టి ఆధారమైంది.

మిగిలిన మూలకణంలోనూ, కదిలిన కణంలోనూ జన్యువులు ఒకటే. ఏ జన్యువు పనిచేయాలో నిర్ణయించడంలో కింది ఆధారపొర, పొరుగు కణాలు, దగ్గరి రక్తనాళాలు పంపే సంకేతాలకు పెద్ద పాత్ర ఉంది. అందుకే మూలకణాన్ని దాని చోటు నుంచి విడదీసి అర్థం చేసుకోలేమని నా అభిప్రాయం.

తాంబూలపు సున్నం ప్యాకెట్ పిల్లల చేతిలో చిట్లి కంట్లో పడితే లింబస్ కాలిపోవచ్చు. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియాపైకి పాకి, చూపును కప్పేస్తుంది. దాత కార్నియా అమర్చినా, దాని పైపొరను నిలబెట్టే మూలకణాలు లేక అది నిలవదు. మరి ప్రయోగశాలలో పెంచిన కణాలను అతికిస్తే? 112 మంది రోగులపై ఇటలీ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనం దీనికి స్పష్టమైన సమాధానమిచ్చింది: పెంపకంలో కాలనీలు (గుంపులు) కట్టగల కణాల్లో, మూలకణాలకు గుర్తుగా భావించే పి63 ప్రొటీన్ దండిగా ఉన్నవి 3 శాతం మించితే 78 శాతం మందికి చికిత్స ఫలించింది, మించకపోతే 11 శాతం మందికే. కణాలెన్ని ఉన్నాయన్నది కాదు, తమను తాము పునరుద్ధరించుకోగల కణాలు ఉన్నాయా అన్నదే ముఖ్యం.

హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ప్రచురించిన పద్ధతికి ప్రయోగశాల పెంపకం అవసరం లేదు. రోగి ఆరోగ్యకరమైన కంటి లింబస్ నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న తునకలుగా కోసి, దెబ్బతిన్న కంటిపై పరచిన ఉమ్మనీటి సంచి పొర మీద జిగురుతో అమరుస్తారు. కణాలు ఆ కంటి మీదే పెరిగి కార్నియాను కప్పుతాయి. రెండు కళ్ల లింబస్ పూర్తిగా కాలినవారికి మాత్రం ఇలా సొంత లింబస్ ముక్క దొరకదు. ఇతరుల లింబస్ కణాలు వాడితే, వాటితోపాటు రోగనిరోధక శక్తిని అణిచే మందులూ తప్పవు.