బురద, చక్రం, చపాతీ పిండి

చిరంజీవులు చిన్నాకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

చిన్నా, మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి జవాబు చెప్పబోతుండగానే ట్యూషన్ టైమ్ అయిందని మీ అమ్మ ఫోన్ తీసేసుకుంది. ఒకందుకు మంచిదే, అది ఫోన్లో తేలే ప్రశ్న కాదు. వినాయక చవితి రోజు కుండపోత వానలో మన పొలానికి పోయే మట్టి బండిదారి, అదే డొంక మీద నీ గేర్ సైకిల్ నీళ్ళు చిమ్ముకుంటూ హాయిగా వెళ్ళిపోయింది, బుజ్జి వెనకాల కేకలేస్తూ పరిగెత్తింది. మర్నాడు చినుకు లేదు, ఎండ కూడా కాసింది. అదే డొంక మీద నూరు గజాలు పోకముందే చక్రాలు బిగుసుకుపోయాయి. నువ్వు పంతం కొద్దీ సీటు మీంచి లేచి నిలబడి తొక్కావు, వెనక గేర్లు మార్చే చెయ్యి వేలాడే ఆ చిన్న ముక్క కాస్తా వంగిపోయింది. "వాన పడిన రోజు పోయిన సైకిలు వాన లేని రోజు ఎందుకు ఆగిపోయింది తాతయ్యా?" అన్నావు. చాలామంది పెద్దవాళ్ళకి కూడా తట్టని ప్రశ్న అది.

ముందు వంటింట్లోకి వెళ్ళు. అమ్మ చపాతీలకి పిండి కలిపేటప్పుడు పక్కన నిలబడి చూడు. పొడి పిండిలో చెయ్యి పెట్టి తీస్తే దులుపుకుంటే పోతుంది. అందులో గ్లాసుల కొద్దీ నీళ్ళు పోస్తే అట్లపిండిలా జారుగా అయి వేళ్ళ మీంచి కారిపోతుంది, అదీ చేతిని పట్టుకోదు. ఈ రెండింటికీ మధ్యలో ఒక ఘడియ ఉంటుంది, నీళ్ళు పోయాల్సినంత పోయలేదు, పిండి పొడిగానూ లేదు. అప్పుడు చెయ్యి పెట్టి చూడు, వేళ్ళ సందుల్లో దూరి గోళ్ళలో ఇరుక్కుని, ఈ చేత్తో తీస్తే ఆ చేతికంటుకుని ప్రాణం తీస్తుంది. మన డొంక వాన రోజు అట్లపిండి. మర్నాటికి సగం నీళ్ళు ఇంకిపోయి ఆ మధ్య ఘడియకి వచ్చింది. నీ చక్రమే పిండి కలిపే చెయ్యి. తిరిగిన ప్రతిసారీ ఒక పొర ఎత్తుకుంటుంది, ఆ పొర మీద ఇంకో పొర. గట్టు మీది గడ్డి కూడా అందులో కలిసిందంటే ఇక అది గోడ కట్టే మట్టే. మా చిన్నప్పుడు మట్టిగోడలకి ఎండుగడ్డి కలిపి తొక్కేవాళ్ళం, గోడ పగలకుండా గడ్డి పట్టి ఉంచుతుందని. నీ సైకిలు ఆ పూట ఫోర్కుకీ టైరుకీ మధ్య గోడ కట్టింది నాన్నా.

అన్ని మట్టులూ ఇలా చెయ్యవు. ఇసుక నేల అంటుకోదు. మనది నల్లరేగడి, పత్తికీ మిరపకీ పేరు తెచ్చిన నేల. అందులోని బంకమట్టి రేణువులు ఎంత సన్నమంటే, నీ స్కేలు మీద ఒక మిల్లీమీటరుని 500 ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క కన్నా చిన్నవి. పైగా గుండ్రంగా ఉండవు, పల్చటి రేకుల్లా ఉంటాయి. ఆ రేకుల మధ్యకి నీళ్ళు దూరితే నేల ఉబ్బుతుంది, ఎండాకాలం ఆ నీళ్ళు పోతే కుంచించుకుపోయి బీటలు వేస్తుంది. నా గోళీలు ఎన్ని పోయాయో ఆ బీటల్లో! మోచేతి దాకా చెయ్యి పెట్టినా అందేవి కావు. పైమట్టి ఆ బీటల్లోకి జారి కిందికి పోతుంది, వానకి మళ్ళీ ఉబ్బి కలిసిపోతుంది, రేగడి నేల తనని తాను దున్నుకుంటుందని మా నాన్న చెప్పేవాడు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

బురద దగ్గర వంటింటిని తలుచుకునేది మనమొక్కళ్ళమే కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో మట్టి, కంకర దారుల మీద 200 మైళ్ళ సైకిలు పందెం ఒకటి ఏటా జరుగుతుంది, అంటే 320 కిలోమీటర్లు, ఇక్కణ్ణించి హైదరాబాద్ కన్నా ఎక్కువ. 2023లో పందెం మొదలైన కాసేపటికే ఇలాంటి బంక నేల తగిలి, దేశదేశాల నుంచి వచ్చిన గట్టి గట్టి ఆటగాళ్ళు కూడా సైకిళ్ళు భుజానికెత్తుకుని నడిచారు. ఆ బురదని వాళ్ళు పల్లీల ముద్ద అంటారు, మెత్తగా రుబ్బి రొట్టెకి రాసుకుంటారే, అది. రంగు డబ్బాలో రంగు కలిపే చెక్కపుల్ల జేబులో పెట్టుకుపోయి దాంతో గీకుతారట. నేను తాటిమట్ట ముక్కతో గీకాను. పనొకటే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అయిన సంగతి చెబుతాను. బడి మన ఊరికి ఆరు మైళ్ళు, మా నాన్న పాత సైకిలు ఇచ్చాడు, దాని మడ్‌గార్డులకీ టైర్లకీ మధ్య వేలు పట్టే సందు కూడా ఉండేది కాదు. మూడు నెలల పరీక్షల రోజున, ముందు రాత్రి వాన కురిసి తెల్లారేసరికి వెలిసింది. డొంక మధ్యలో బండి గాడి నిండా నీళ్ళు, పక్కన కాస్త ఎత్తుగా ఆరినట్టు కనిపించే నేల. ఎవరైనా ఏం చేస్తారు? నేనూ ఆరినట్టున్న వైపే పోనిచ్చాను. పది బారలు పోలేదు, రెండు చక్రాలూ బిర్రబిగుసుకుపోయాయి. పరీక్ష టెన్షన్‌తో ఏడుపొచ్చేసింది. అటుగా అరకతో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి చూసి, "ఆరిన చోట పోతావేంట్రా అబ్బాయ్, నీళ్ళలో పో" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయనే మట్టంతా గీకి సైకిల్ని గాడి నీళ్ళలో దింపాడు. అంతే, చక్రం కదిలింది! ఎందుకంటే నీళ్ళున్న చోట పైన అట్లపిండి, దాని కింద ఎన్నో ఏళ్ళుగా బండ్లు తొక్కి తొక్కి గట్టిపడిన నేల. పక్కనున్నది చపాతీ పిండి. పరీక్షకి అరగంట ఆలస్యంగా చేరాను, కూర్చోనిచ్చారు. ఆయన పేరు అడగలేదు, ఆ బాధ మాత్రం ఇంకా ఉంది.

కానీ ఒకటి. నేను చెప్పేది నిలిచిన నీళ్ళ గురించి, అదీ మీకు బాగా తెలిసిన దారిలో. పారే నీళ్ళలోకి, కాలవ పొంగిన చోటికి సైకిలుతో కాదు, ఊరికే కూడా వెళ్ళకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ళు ఎలా మునిగాయో మీరు చూశారు, మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇక బాబాయి పందెం. రెండేళ్ళ కిందట బాబాయి పడమటి కనుమల్లో 80 కిలోమీటర్ల కొండ సైకిలు పందానికి వెళ్తే నేనూ కూడా వెళ్ళాను. 45వ కిలోమీటరు దగ్గర నీళ్ళ సీసాలు పట్టుకుని గొడుగు కింద నిలబడటం నా పని. పొద్దున వాన కురుస్తున్నంతసేపూ పిల్లలు రయ్యిమని వచ్చారు, ముఖాలు కనపడకుండా ఎర్రమట్టి. పదకొండింటికి వాన వెలిసింది. అందరూ అమ్మయ్య అనుకున్నారు, నేను మాత్రం అనుకోలేదు. గంటన్నరలో ఆ దారంతా పిండి ముద్ద అయింది, ముందు వెళ్ళిన వందల చక్రాలు దాన్ని ఇంకా బాగా పిసికి పెట్టాయి. చాలామంది దిగి సైకిల్ని తోసుకుంటూ వచ్చారు. తోస్తే చక్రం తిరుగుతుంది, తిరిగితే మట్టి ఎత్తుకుంటుంది, కాసేపటికి తిరగదు, అప్పుడు ఈడ్చాలి. బాబాయి ఆ బురద మొదలయ్యే చోటే, ఇంకా చక్రం తిరుగుతుండగానే దిగి, భుజానికెత్తుకుని పక్కన గడ్డి మీద నడిచి, వాగు దగ్గర చైను కడుక్కుని మళ్ళీ ఎక్కాడు. దిగడం ఓటమి కాదు చిన్నా, ఎక్కడ దిగాలో తెలియడం కూడా తొక్కడంలో భాగమే.

వాడు సైకిల్ని పందానికి సిద్ధం చేసుకున్నది కూడా వంటింటి పద్ధతిలోనే. చపాతీ పిండి చేతికి అంటుకోకుండా నాయనమ్మ నూనె రాసుకుంటుంది కదా, వాడు పందానికి ముందు ఫ్రేమ్ అడుగున, ఫోర్కు లోపల వంటనూనె చిమ్మాడు. బ్రేకుల మీద మాత్రం చుక్క పడనివ్వలేదు, డిస్కుకి నూనె తగిలితే బ్రేకు పట్టదు. టైరు బొడిపెలు దూరదూరంగా ఉన్నవి వేశాడు, సందులో మట్టి నిలవకుండా రాలిపోవడానికి. గాలి కూడా తగ్గించాడు. సన్న టైరు రోడ్డు సైకిలుకి 80, 100 పాయింట్లు కొడతారు, వాడు 22 పాయింట్లే పెట్టాడు, టైరు కాస్త అణిగి నేలని పట్టుకుంటుందని.

చైను సంగతి వేరు. అందులో నూటికి పైగా లంకెలుంటాయి, ఒక్కొక్క లంకెలో ఇరుసు. బురదలోని ఇసుక రేణువు అందులో దూరితే తిరగలిలో రాయి పడ్డట్టే, చైను తనని తానే అరగదీసుకుంటుంది. ఒక్కోసారి మట్టి పట్టిన చైను ముందు పళ్ళచక్రాన్ని వదలకుండా దాంతోపాటే పైకి చుట్టుకుపోయి ఫ్రేమ్‌కీ పళ్ళకీ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు బలం పెడితే ఏదో ఒకటి పోవాల్సిందే. నీ సైకిలుకి వంగిన ముక్కని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు, ఫ్రేమ్ విరగకుండా ముందు అది వంగాలని. అది తన పని తాను చేసింది. దాని మీద కోపం తెచ్చుకోకు.

అన్నట్టు ఈ కొండ సైకిళ్ళ ఆట మొదలైందే కందెన గొడవతో! 1976లో అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో కొంతమంది కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళ మీద మట్టి దారిలో కిందికి పందెం వేసుకునేవాళ్ళు. వాటికి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్కసారి దిగేసరికి చక్రం బొడ్డులో గ్రీజు మాడి పొగ అయిపోయేది, ఇంటికెళ్ళి మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకని ఆ పందానికి 'రీప్యాక్' అని పేరు, మళ్ళీ కూరడం అని. మా నాన్న బండి ఇరుసుకి ఆముదం కందెన పెట్టడం గుర్తొస్తుంది ఆ పేరు వింటే. ఇరవై ఏళ్ళకి, 1996లో, కొండ సైకిలు అట్లాంటా ఒలింపిక్స్‌లోకి వెళ్ళింది.

బుజ్జీ, నువ్వేమో "బాబాయి అంతసేపు తొక్కితే ఆకలేయదా?" అన్నావు. పిండి దగ్గరే ఉన్నాం కాబట్టి పిండితోనే చెబుతాను. మనం తిన్న అన్నంలో కొంత, ఒళ్ళు ఒక రకం పిండిగా మార్చి కండల్లో, కాలేయంలో దాచుకుంటుంది. పెద్దవాళ్ళలో అది అర కిలో దాకా ఉంటుంది, అంతే డబ్బా. గట్టిగా తొక్కితే రెండు గంటల్లో అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు మొరాయిస్తాయి, కళ్ళు తిరుగుతాయి, ఏడుపొస్తుంది కూడా. అందుకే ఆకలేయకముందే తినాలి. బురదలో చిక్కేమిటంటే హ్యాండిల్ వదిలి జేబులో చెయ్యి పెట్టలేరు, తినడం మర్చిపోతారు. బాబాయి నా దగ్గరికి వచ్చేసరికి పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళదుంప, రెండు అరటిపళ్ళు, నువ్వుల ఉండ తినిపించి గానీ కదలనివ్వలేదు. మంచి దారైతే నాలుగున్నర గంటల్లో అయ్యేది ఆ రోజు వాడికి ఏడు గంటలు పట్టింది.

సీసా మూతి మాత్రం నేనే తుడిచి ఇచ్చాను. 2008లో వేల్స్ దేశంలో ఇలాంటి బురద పందెం తర్వాత చాలామంది వాంతులు, విరేచనాలతో పడ్డారు. గొర్రెలు మేసే నేల, పెంటికలు కలిసిన బురద ఎగిరి నోట్లో, సీసాల మూతుల మీద పడింది. మన డొంక మీద గేదెలు తిరుగుతాయి. చెయ్యి కడుక్కోకుండా జామకాయ కొరికావు ఆ రోజు, నేను చూశాను బుజ్జీ.

ఇంకో మాట. పిండి ముద్దలా ఉన్న రోజు డొంక మీదికి వెళ్ళొద్దు, సైకిలు కోసమే కాదు. నీ చక్రం చేసిన గాడి నాలుగు రోజుల్లో ఎండి రాయి అవుతుంది, తెల్లవారుజామున దాని మీద నడిచే ఎద్దుకి కాలు మెలికపడుతుంది.

అసలు అంత చిన్న రేకుల మధ్య నీళ్ళు చేరితే అంత బరువైన బండిని ఎలా పట్టేస్తాయో నేను పూర్తిగా చెప్పలేను. నువ్వే చూడు. మొన్న సంచిలో కట్టిచ్చిన రేగడి మట్టి ఉంది కదా, దాన్ని మూడు పాత పళ్ళేల్లో వెయ్యి. ఒకదాన్ని పొడిగా వదిలెయ్. రెండోదాంట్లో కొద్దికొద్దిగా నీళ్ళు చల్లుతూ బొటనవేలు నొక్కి తీస్తుండు, వేలిని వదలనన్న చోట ఆపు. మూడోదాంట్లో ధారాళంగా పొయ్యి. మూడింటి మీదా సైకిలు ముందు చక్రాన్ని మెల్లగా దొర్లించు, బుజ్జిని వంగి టైరుకి దగ్గరగా కళ్ళు పెట్టి చూడమను. రెండో పళ్ళెంలో ఎన్ని చెంచాల నీళ్ళకి ఆ ఘడియ వచ్చిందో లెక్కపెట్టి నాకు రాయి.

ఉంటాను. చైనుకి నూనె వేసి పెట్టు, దసరాకి వస్తున్నాను.

మీ తాతయ్య
గుంటూరు