మాడ్ చేసినాయన వెళ్లిపోతే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడి గొంతు బొంగురుపోయింది. మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట కొత్త వెర్షన్ వచ్చాక వాడికిష్టమైన మాడ్, అంటే ఆడేవాళ్లే తయారుచేసి ఆటకు జతచేసుకునే మార్పు, పనిచేయడం మానేసిందట. చేసినాయన ఏడాదిగా అయిపూ అజా లేడట. "కొన్ని మాడ్లు ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాయి కదా తాతయ్యా, ఇదెందుకు పోయింది?" అన్నాడు. అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. అక్కకీ చదివి వినిపించు.

నేను తెనాలిలో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో పిల్లలంతా వచ్చేది క్రికెట్ 07 కోసమే. ఈఏ స్పోర్ట్స్ వాళ్లు 2006 చివర్లో విడుదల చేసిన ఆట అది. ఆ తర్వాత కంప్యూటర్ మీద ఆడే క్రికెట్ ఆటను ఆ కంపెనీ మళ్లీ చేయలేదు. లైసెన్సు లేదు కాబట్టి అందులో మన ఆటగాళ్ల పేర్లు మార్చి పెట్టారు. ఐపీఎల్ అప్పటికి పుట్టనే లేదు. అయినా 2008 వేసవికల్లా మా సెంటర్లో ఎనిమిది జట్లూ, మన డెక్కన్ చార్జర్స్‌తో సహా, ఆడుతున్నాయి. ఎవరో ఎక్కడో కూర్చుని ప్యాచ్, అంటే ఆటను మార్చే ఫైళ్ల కట్ట, చేస్తే అది పెన్‌డ్రైవుల్లో ఊరూరా తిరిగింది.

ఎలా కుదిరిందంటే, ఆ ఆటలో చొక్కాలు, బ్యాట్లు, స్టేడియాల బొమ్మలన్నీ ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రకం ఫైళ్లలో ఉండేవి. వాటిని బిగ్ అనే ఫైళ్లలో మూటగట్టి పెట్టేవారు. ఆ కంపెనీ ఫుట్‌బాల్, కార్ల ఆటల్లోనూ ఇదే పద్ధతి. ఆ మూటలు విప్పే పనిముట్లను ఆ ఆటలు ఆడేవాళ్లు ముందే తయారు చేసుకున్నారు. మనవాళ్లకు తాళంచెవి చేతికందినట్టయింది. పైగా కొత్త ఆట రాలేదు కనుక, ఉన్నదాన్నే ఏటేటా కొత్తగా చేసుకోవాల్సిన అవసరమూ ఉంది.

అయితే తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన సరిపోదని మా సెంటర్లోనే చూశాను. ఇంటర్ చదివే ఒకబ్బాయి డెక్కన్ చార్జర్స్ చొక్కా గీశాడు. ఫొటోషాప్‌లో బట్ట మడతలు, నీడలు ఒక పొర, రంగు ఒక పొర, గుర్తులూ అక్షరాలూ ఇంకో పొర. ఎంత అందంగా ఉండేదో! అన్నీ కలిపేసి ఒకే బొమ్మగా ఆటలో పెట్టాడు. మరుసటి సీజనుకి జట్టు చొక్కా మారింది. అప్పటికి ఆ అబ్బాయి ఇంజనీరింగుకి వేరే ఊరెళ్లిపోయాడు. పొరల ఫైలు అతని దగ్గరే ఉండిపోయింది. మా దగ్గర మిగిలిన బొమ్మలో రంగు మార్చబోతే మడతలు కూడా చెరిగిపోయాయి. ముగ్గురు పిల్లలు వారం రోజులు కుస్తీ పట్టి వదిలేశారు. ఆ పొరల ఫైలు ఇచ్చి వెళ్లమని నేనైనా అడగాల్సింది. నాకు తట్టలేదు. ఇప్పటికీ అది బాధే.

ఒకరు వదిలిన చోటునుంచి ఇంకొకరు అందుకోగలగాలి. మాడ్ల లోకం బతికేదీ ఆగిపోయేదీ చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

డూమ్ చూడండి. 1993 డిసెంబరులో వచ్చిన ఆట, మీ నాన్న చిన్నప్పటిది. ఇవాళ్టికీ దానికి కొత్త లెవెళ్లు, అంటే ఆటలోని అంచెలు, పుడుతూనే ఉన్నాయి. ఆటను నడిపే ప్రోగ్రామును ఒక పక్కన, లెవెళ్లు, బొమ్మలు, శబ్దాలను వ్యాడ్ అనే వేరే ఫైల్లో పెట్టారు ఆ ఆట చేసిన జాన్ కార్మాక్ బృందం. 1997లో ఆ ప్రోగ్రాము సోర్స్ కోడ్, అంటే దాన్ని రాసిన అసలు పాఠం, కూడా బయట పెట్టేశారు. దానివల్ల కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని వాటికి సరిపడేలా సవరించుకోగలిగారు. వీటన్నిటికన్నా నాకు ముచ్చటేసేది ఇంకోటుంది. లెవెల్‌తో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు జతచేయడం అక్కడి ఆనవాయితీ. ఎవరు చేశారు, ఏ పనిముట్లతో చేశారు, దీని మీద ఇంకొకరు కొత్త లెవెల్ కట్టుకోవచ్చా లేదా అన్నది అందులో రాస్తారు. అప్పగింత కాగితమన్నమాట!

మీ బాబాయి తెల్లవార్లూ ఆడే డోటా అనే ఆట కూడా చేతులు మారి పెరిగినదే. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆటతో పాటే మ్యాపులు చేసుకునే ఎడిటర్ ఇచ్చారు. దానితో యూల్ అనే మారుపేరుతో ఒకాయన తొలి డోటా చేశాడు. ఆయన తప్పుకున్నాక రకరకాల డోటాలు పుట్టాయి. వాటిలోని వీరులను ఏరి కూర్చి ఆల్‌స్టార్స్ అన్నారు. దాన్ని గ్విన్సూ నడిపాడు, 2005 నుంచి ఐస్‌ఫ్రాగ్ నడిపాడు. మొదటాయన ఒక్కడే పట్టుకు కూర్చుంటే 2013లో విడి ఆటగా డోటా 2 వచ్చేది కాదని నా నమ్మకం.

ఇక మీ మైన్‌క్రాఫ్ట్‌లోనే జరిగిన నష్టం చెబుతాను. నలుగురూ కలిసి ఆడుకునే సర్వర్లు నడిపేవాళ్లకు బక్కిట్ అనే ప్రాజెక్టు ప్రాణంలా ఉండేది. ఎంతోమంది తలా ఇంత కోడ్ రాశారు. 2012లో అందులోని ముఖ్యులు మైన్‌క్రాఫ్ట్ చేసే మొజాంగ్ కంపెనీలో చేరారు. 2014లో ప్రాజెక్టు ఎవరిదన్న పేచీ వచ్చింది. కోడ్ రాసినవాళ్లలో ఒకరు, నా కోడ్ ఉచిత లైసెన్సుది, దాన్ని కంపెనీ మూసిపెట్టిన కోడ్‌తో కలిపి పంచడం కుదరదని కాపీరైటు ఫిర్యాదు చేశారు. డౌన్‌లోడ్లు ఆగిపోయాయి. అంతమంది చేసినదాన్ని ఏ షరతుల మీద ఎవరు పంచవచ్చో మొదట్లోనే తేలి ఉంటే అంత దూరం వచ్చేది కాదు. స్పిగాట్ అనే మరో ప్రాజెక్టు వాళ్లు పూనుకుని ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు కాబట్టి సర్వర్లు బతికాయి.

డబ్బు సంగతి కూడా ఒక్క మాట. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ అనే ఆట మాడ్లను అమ్మకానికి పెట్టి, గొడవ రేగడంతో కొద్ది రోజుల్లోనే ఉపసంహరించుకున్నారు. చేసినవాళ్లకు దక్కేది 25 శాతం. కష్టానికి డబ్బు అడగడం తప్పని నేననను. కాకపోతే అమ్మకానికి పెట్టిన ఒక చేపల వేట మాడ్ వేరొకరి మాడ్ మీద ఆధారపడింది, వెంటనే తీసేయాల్సి వచ్చింది. ఒకరి గోడ మీద ఇంకొకరు కట్టిన ఊళ్లో ఇటుకకు వెల కట్టడం అంత తేలిక కాదు.

చిన్నోడా, ఇప్పుడు నీ మాడ్ సంగతి. దాని పేజీలో లైసెన్సు అని ఒక మాట ఉంటుంది, వెతుకు. ఎంఐటీ అనో జీపీఎల్ అనో ఉండి, సోర్స్ కోడ్ కూడా పెట్టి ఉంటే, ఎవరైనా దాన్ని కొత్త వెర్షన్‌కి మార్చుకోవచ్చు. ఎవరో మొదలుపెట్టేసి కూడా ఉండొచ్చు, చూడు. ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్, అంటే హక్కులన్నీ చేసినాయనవే, అని ఉంటే ఆయన్నే అడగాలి. మర్యాదగా రాయి. ఎందుకు మానేశారని నిలదీయకు, ఆయనకి ఏం కష్టం వచ్చిందో మనకేం తెలుసు. నీకా మాడ్ అంటే ఎంత ఇష్టమో చెప్పు, ఎవరికైనా అప్పగిస్తారా అని అడుగు. పంపేముందు అక్కకి చూపించు, ఇంగ్లీషు తప్పులుంటే దిద్దుతుంది.

జవాబు వస్తే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

మీ తాతయ్య