ఆ చివరి ఇరవై శాతం

హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ క్యాబ్ నడిపే ఒక పాఠకుడు అడిగారు: "సార్, 80 శాతం దాకా గబగబా ఎక్కే చార్జింగ్ ఆ తర్వాత ఎందుకు నిదానిస్తుంది? చార్జర్ వాళ్ళు కావాలని తగ్గిస్తారా?" లేదండీ, తగ్గించమని అడిగేది మీ బండే. సొంత కారున్నవాళ్ళు "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది" అని అడుగుతారు, క్యాబ్ నడిపేవాళ్ళకి మాత్రం "ఎన్ని నిమిషాలు పోతాయి" అన్నదే అసలు లెక్క, ఎందుకంటే చార్జర్ దగ్గర నిలబడ్డంతసేపూ బుకింగులు పోతూనే ఉంటాయి.

లోపల జరిగేది చూస్తే ఎంత బాగుంటుందో! చార్జింగ్ పెట్టగానే లిథియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) కాథోడ్ అనే ప్లస్ వైపు నుంచి బయల్దేరి, మధ్యలో ఉండే ఎలక్ట్రోలైట్ ద్రవం దాటుకుని, అవతలి వైపున్న గ్రాఫైట్ (కార్బన్ రూపం) పొరల మధ్య దూరి కూర్చుంటాయి. ఆరు కార్బన్ పరమాణువులకి ఒక లిథియం, అంతకు మించి చోటు లేదు. ఖాళీ ఆర్టీసీ బస్సు ఊహించుకోండి. మొదట ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే కూర్చుంటారు. ముప్పాతిక నిండాక ఎక్కేవాళ్ళు సీటు వెతుక్కుంటూ వెనక దాకా పోవాలి, కండక్టర్ "లోపలికి జరగండి" అని ఎంత అరిచినా తలుపు దగ్గర జనం ఆగిపోతారు, అయినా ఇంకా ఎక్కిస్తే ఫుట్‌బోర్డు మీద వేలాడతారు. ఆ ఫుట్‌బోర్డు జనమే బ్యాటరీకి ప్రమాదం. లిథియం లోహంతో పోలిస్తే నిండిన గ్రాఫైట్ పొటెన్షియల్ (విద్యుత్ మట్టం) దాదాపు 0.1 వోల్టు మాత్రమే పైన ఉంటుంది, కరెంటు మరీ ఎక్కువైతే అది సున్నా కిందికి జారి, లోపలికి పోలేని లిథియం పైనే లోహంగా పేరుకుంటుంది. అందులో కొంత మళ్ళీ ఎప్పటికీ పనికి రాదు, సూదుల్లా పెరిగితే రెండు వైపుల్నీ విడదీసే సెపరేటర్ పొరని పొడిచి షార్ట్ అవ్వొచ్చు. అందుకే బ్యాటరీలోని ఒక్కో సెల్ 4.2 వోల్టులకి (కాథోడ్‌లో నికెల్ ఉండే రకాల్లో) చేరాక వోల్టేజిని అక్కడే పట్టి ఉంచి కరెంటు తగ్గిస్తూ పోతారు. చలిలో అయాన్లు ఇంకా మెల్లగా జరుగుతాయి, కాబట్టి చల్లటి బ్యాటరీకి ముందు నుంచే కరెంటు తక్కువ ఇస్తారు. స్కూల్లో డేనియల్ సెల్ బొమ్మతో పాటు ఇది కూడా చెప్తే బాగుండేది.

అదే ఇంటి దగ్గర 15 ఆంపియర్ల ప్లగ్గుకి పెడితే గంటకి మూడు యూనిట్లే వస్తాయి, 26 యూనిట్ల బ్యాటరీకి ఎనిమిది తొమ్మిది గంటలు, ఒక్కొక్కరే ఎక్కుతున్నారు కాబట్టి తోపులాట ఉండదు. కానీ అద్దె గదిలో ఉండే డ్రైవర్‌కి ఆ ప్లగ్గు ఎవరిస్తారు? తెలంగాణ 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది, మంచిదే, దానివల్ల కొనే ఖర్చు తగ్గింది, నిమిషాలు తగ్గలేదు.

బండ్ల గురించి ఉండే భయాలు కూడా అన్నీ ఒకటి కావు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడితే ఎవరికీ నష్టం లేదు. "వానలో నడిపితే షాక్ కొడుతుంది" అన్న మాట మాత్రం కొనాలనుకున్నవాళ్ళని ఆపేస్తుంది, ఐపీ67 అనే నీటి రక్షణ రేటింగ్ ఉన్న బ్యాటరీ పెట్టె మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకునేలా పరీక్షించి ఇస్తారని ఎవరూ చెప్పరు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు, ఆ భయాన్ని మూఢనమ్మకం అనడం అన్యాయం.

రువాండా రాజధాని కిగాలీలో మోటార్‌సైకిల్ టాక్సీలకి 2019 నుంచి ఇంకో దారి పట్టారు. అయిపోయిన బ్యాటరీ ఇచ్చి, నిండినది బిగించుకుని కొద్ది నిమిషాల్లో వెళ్ళిపోతారు. బ్యాటరీ కంపెనీదే, అది పాడైతే ఆ ఖర్చూ కంపెనీదే, చివరి ఇరవై శాతం కోసం ఆగాల్సిన పని స్టేషన్‌లో ఉన్న బ్యాటరీది.