మార్చేది, కొలిచేది, కదపకుండా ఉంచేది: వేరియబుల్స్ మీద అపోహలు - వాస్తవాలు

నేను హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే ప్రాజెక్టులు చూసే పని కూడా నాదే. చార్టు మీద స్వతంత్ర చరరాశి (వేరియబుల్), ఆధారిత చరరాశి, నియంత్రిత చరరాశి అని మూడు రంగుల్లో అందంగా రాసుకొస్తారు. "ఇందులో నువ్వు మార్చింది ఏదమ్మా?" అని అడిగితే మాత్రం తడబడతారు. నిర్వచనాలు నోటికి వచ్చు కానీ, వాటిని తమ చేతిలో ఉన్న ప్రయోగానికి ఎలా అన్వయించాలో తెలియదు. అందుకే క్లాసులో ఆ పేర్లు తర్వాత చెబుతాను. మనం మార్చేది (స్వతంత్ర), మనం కొలిచేది (ఆధారిత), కదపకుండా ఉంచేది (నియంత్రిత) అన్న మూడు మాటలతో మొదలుపెడతాను. ఏటా నాకు ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కాలం, ఉష్ణోగ్రత ఎప్పుడూ స్వతంత్ర చరరాశులే.

వాస్తవం: దూరం - కాలం గ్రాఫుల్లో కాలాన్ని ఎప్పుడూ అడ్డగీత మీదే చూసి చూసి పిల్లలకు ఇది అలవాటైపోయింది. దారానికి గుండు కట్టి ఊగించే లఘులోలకం తీసుకోండి. పొడవు మనం మారుస్తాం, ఒక డోలనానికి, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే కాలం (డోలనకాలం) కొలుస్తాం. పొడవు 25 సెం.మీ. అయితే దాదాపు 1 సెకను, 1 మీటరు అయితే దాదాపు 2 సెకన్లు పడుతుంది. ఇక్కడ కాలం ఆధారిత చరరాశి. ఉష్ణోగ్రత కూడా అంతే. వేడినీళ్ళలో, చన్నీళ్ళలో చక్కెర ఎంతసేపట్లో కరుగుతుందో చూస్తే అది మనం మార్చేది. స్టీలు గ్లాసులో, మట్టి కప్పులో పోసిన టీ పది నిమిషాలకు ఎంత చల్లారిందో చూస్తే అది మనం కొలిచేది. ఏ రాశి ఏ రకమో మనం అడిగే ప్రశ్నే చెబుతుంది.

అపోహ: వేరియబుల్ అంటే అంకెల్లోనే ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. పై టీ ప్రయోగంలో మనం మార్చింది గ్లాసు రకం. నల్లరేగడి, ఎర్రమట్టి, ఇసుక నేల కూడా వేరియబులే. ఇలాంటప్పుడు గీత గ్రాఫు బదులు కమ్మీ చిత్రం గీయాలి, అంతే తేడా.

అపోహ: "మిగతావన్నీ స్థిరంగా ఉంచాం" అని రాస్తే సరిపోతుంది.

వాస్తవం: ప్రయోగాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. ఒక ఏడాది మా పిల్లలు గుండు బరువు పెరిగితే లోలకం డోలనకాలం మారుతుందా అని పరీక్షించారు. 2 సెం.మీ. వ్యాసం ఉన్న ఇనుప గుండు ఒకటి, 6 సెం.మీ. వ్యాసం ఉన్న బరువైన గట్టి రబ్బరు బంతి ఒకటి తెచ్చారు. రెండింటికీ సరిగ్గా 20 సెం.మీ. దారం కట్టారు. స్కేలుతో కొలిచి మరీ కట్టారు, శ్రద్ధలో లోపం లేదు. 20 డోలనాలకు ఇనుప గుండుకు దాదాపు 18.4 సెకన్లు, బంతికి దాదాపు 19.3 సెకన్లు వచ్చాయి. మళ్ళీ మళ్ళీ చేసినా అదే తేడా. "బరువు పెరిగితే నెమ్మదిగా ఊగుతుంది" అని రాసేశారు.

దారం మారలేదు, నిజమే. కానీ లోలకం పొడవు అంటే దారం పొడవు కాదు. దారం వేలాడదీసిన చోటు నుంచి గుండు మధ్య బిందువు దాకా ఉన్న దూరం. ఇనుప గుండుకు అది 21 సెం.మీ., బంతికి 23 సెం.మీ. బరువు మార్చాం అనుకుంటూ పొడవు కూడా మార్చేశారు. ఇలా మనకు తెలియకుండా మార్చేదాని వెంట తోడు వచ్చే రాశులే అన్నిటికన్నా ప్రమాదం. వాటి పేరు ఏ చార్టు మీదా కనిపించదు.

తర్వాత ఒకే సైజు ప్లాస్టిక్ బంతులు రెండు తీసుకుని ఒకదానిలో నీళ్ళు, రెండోదానిలో తడి ఇసుక నింపాం. నిండుగా నింపాలి. సగం నింపితే గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు) కిందికి జారి పొడవు మళ్ళీ మారుతుంది. లాగి వదిలే కోణం ఒకటే, అదీ చిన్నది. స్టాప్‌వాచ్ నొక్కింది ఒకే అమ్మాయి, ఎందుకంటే ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో వేగం. ఈసారి బరువు దాదాపు రెట్టింపైనా కాలం మారలేదు.

అపుడు ఒకబ్బాయి "అయితే మన ప్రయోగం ఫెయిలా సార్?" అని అడిగాడు. ఇది ఇంకో అపోహ. మార్చినా మారకపోవడమే ఇక్కడ మనం కనుక్కున్న విషయం. "డోలనకాలం గుండు బరువు మీద ఆధారపడదు" అన్న వాక్యం పుస్తకంలో ఉంది కదా, ఆ పిల్లలకు అది ఆ రోజే సొంతమైంది.

అపోహ: కంట్రోల్, నియంత్రిత చరరాశి ఒకటే.

వాస్తవం: పేర్లు దగ్గరగా ఉండటం వల్ల టీచర్లం కూడా కలిపేస్తుంటాం. నియంత్రిత చరరాశి కదపకుండా ఉంచేది. కంట్రోల్ అంటే పోల్చి చూడటానికి పక్కన పెట్టుకునే జత. ఆకు ఆహారం తయారుచేసుకోవడానికి కార్బన్ డై ఆక్సైడ్ కావాలని చూపే మోల్ అర్ధపత్ర ప్రయోగం గుర్తుందా? మొక్కను ముందుగా చీకట్లో ఉంచి, ఆకులో సగాన్ని, కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చేసుకునే పొటాషియం హైడ్రాక్సైడ్ ఉన్న సీసాలోకి దూర్చి ఎండలో పెడతాం. సీసాలో ఉన్న సగం అయోడిన్‌తో నీలి నలుపుగా మారదు, అంటే అందులో పిండిపదార్థం తయారవలేదు. కారణం కార్బన్ డై ఆక్సైడ్ లేకపోవడమేనా, లేక గాజు సీసాలో ఇరుక్కోవడమా అని గడుసు పిల్ల ఎవరైనా అడిగితే? అందుకు ఇంకో మొక్క ఆకును అలాగే, కానీ మామూలు నీళ్ళున్న సీసాలో పెట్టాలి. అదే కంట్రోల్. రెండు కుండీలకూ ఒకే ఎండ, ఒకే తడి అందేలా చూడటం నియంత్రిత చరరాశుల పని. నేను ఆ రెండో సీసా పెట్టకుండా ఈ పాఠం చెప్పను.

అపోహ: ఒకసారి ఒక్కటే మార్చాలన్నది సైన్సులో తిరుగులేని నియమం.

వాస్తవం: స్కూల్లో అది మంచి అలవాటే, మొదట అదే నేర్పాలి. కానీ పొలంలో నీరు, ఎరువు విడివిడిగా పనిచేయవు. తడి లేని నేలలో యూరియా చల్లితే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ఈ విషయాన్నే గట్టిగా చెప్పాడు. రెండు మూడింటిని ఒక పద్ధతి ప్రకారం కలిపి మారిస్తే, వాటి మధ్య ఉన్న సంబంధం కూడా బయటపడుతుందన్నాడు. పద్ధతి లేకుండా రెండూ ఒకేసారి పెంచేస్తే మాత్రం ఫలితం దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పదో తరగతి పిల్లలతో దీన్ని కుండీల్లో చేయించవచ్చు. నీరు తక్కువ - ఎరువు తక్కువ, నీరు తక్కువ - ఎరువు ఎక్కువ, నీరు ఎక్కువ - ఎరువు తక్కువ, రెండూ ఎక్కువ. ఒక్కో రకానికి మూడేసి, మొత్తం 12 కుండీలు. ఏ కుండీ ఎక్కడ ఉండాలో చీటీలు తీసి నిర్ణయించండి. లేకపోతే గోడ నీడలోవన్నీ ఒకే రకం అయిపోయి, మనం రాసుకోని ఇంకో వేరియబుల్ మధ్యలో వచ్చి చేరుతుంది.